పాత అంబాసిడర్‌కి ఏ స్పార్క్ ప్లగ్? 7 నంబరంటే ఏ కంపెనీ 7?

ప్రశ్న: మాది పెదవాల్తేరు. మా నాన్నగారి 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 పెట్రోలు బండి ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ఇంజిన్ పాత 1489 సీసీదే. పాయింట్లు, కండెన్సర్, ఎస్‌యూ కార్బురేటర్ అన్నీ మొదటినుంచీ ఉన్నవే. రోజూ ఎంవీపీ కాలనీ రైతు బజారు దాకా రెండు మూడు కిలోమీటర్లు, నెలకోసారి అనకాపల్లి, చలికాలంలో ఒకసారి అరకు, అంతే తిరుగుడు. ఈమధ్య పొద్దున్న సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. గాలి తేమగా ఉన్న రోజైతే అసలు అందుకోదు, అందుకున్నా మిస్సింగ్. మెకానిక్ 7 నంబరు ప్లగ్‌లు వేయించమన్నాడు. షాపులో ఎన్‌జీకే బీపీ7హెచ్‌ఎస్ ఒక్కటే ఉందని ఇస్తే దాన్ని రెండో సిలిండర్‌కి వేశారు. 1, 3లో పాత మైకో డబ్ల్యూ7డీసీ ప్లగ్‌లు, 4లో చాంపియన్ ఎన్9వైసీ ఉన్నాయి. విప్పి చూస్తే రెండోది నల్లగా తడిగా ఉంది, మిగతా మూడూ పొడి మసి పట్టాయి. రింగులు పోయాయేమో, ఇంజిన్ దించాలంటున్నారు. మా తమ్ముడేమో ఇరీడియం ప్లగ్‌లు తెప్పిస్తే అన్నీ సర్దుకుంటాయంటున్నాడు. ఏ నంబరు వేయాలి, గ్యాప్ ఎంత పెట్టాలి, ఆర్ అక్షరం ఉన్నవా లేనివా, ఇరీడియం మీద డబ్బు పెట్టవచ్చా? దయచేసి చెప్పండి.

సమాధానం: అమ్మా, మీ బండికి కావలసింది మామూలు నికెల్ ప్లగ్. ఎన్‌జీకేలో అయితే బీపీ6ఈఎస్, నాలుగూ ఒకటే నంబరు, గ్యాప్ 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.63 మిల్లీమీటర్లు. ఇంజిన్ దించే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రెండో సిలిండర్‌లో ఉన్న ఆ బీపీ7హెచ్‌ఎస్ మాత్రం వెంటనే తీయించండి. అది మీ ఇంజిన్ ప్లగ్ కాదు. ఆ ప్లగ్ అక్కడున్నంత కాలం ఆ సిలిండర్ గురించి ఎవరేం చెప్పినా నమ్మడానికి లేదు.

మీ మెకానిక్ చెప్పింది తప్పు కాకపోవచ్చు. చాలామంది పాత మెకానిక్‌ల చేతికి అలవాటైన ప్లగ్ మైకో. బెంగళూరు కంపెనీ అది, 2008లో బాష్ అని పేరు మార్చుకుంది. మైకో, బాష్ లెక్కలో మీ ఇంజిన్‌కి సరిపోయే ప్లగ్ డబ్ల్యూ7డీసీ, 1, 3లో ఉన్నది అదే. ఆయన నోట వచ్చిన 7 బహుశా ఆ 7. షాపువాళ్లు ఇచ్చింది ఎన్‌జీకే 7. ఈ రెండు కంపెనీల అంకెలూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది, అంటే కొస వేడిని తొందరగా బయటికి పంపేసేది. బాష్‌లోనూ చాంపియన్‌లోనూ అంకె పెరిగేకొద్దీ వేడిది. డెన్సో ఎన్‌జీకే దారిలోనే పోతుంది కానీ అంకెలు పెద్దవి. కాబట్టి ఎన్‌జీకే బీపీ6ఈఎస్, బాష్ డబ్ల్యూ7డీసీ, చాంపియన్ ఎన్9వైసీ, డెన్సో డబ్ల్యూ20ఈపీ, ఈ నాలుగూ ఒకే జాతి. అంకెలు చూస్తే 6, 7, 9, 20. షాపులో అంకె ఒక్కటే చెబితే జరిగేది మీకు జరిగినట్టే ఉంటుంది. కంపెనీ పేరూ పూర్తి కోడూ కాగితం మీద రాసి తీసుకెళ్లండి, లేదా పాత ప్లగ్ చేతిలో పట్టుకెళ్లండి.

అంకె ఒకటి మారడంకంటే అక్షరం మారడం పెద్ద ప్రమాదం. బీపీ6ఈఎస్‌లో బీ అంటే మర 14 మిల్లీమీటర్లు. పీ అంటే పింగాణీ కొస లోహపు అంచు దాటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. 6 వేడి అంకె. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి ఎస్ మామూలు రాగి గర్భం ఉన్న ప్లగ్ అని. మీకు ఇచ్చినదాంట్లో ఈ ఉండాల్సిన చోట హెచ్ ఉంది. హెచ్ అంటే మర పొడవు 12.7 మిల్లీమీటర్లే, పాత స్కూటర్లలో వాడే కొలత. మర మందం రెండింటిదీ 14 కాబట్టి చక్కగా ఎక్కుతుంది, బిగుసుకుంటుంది, బండి నడుస్తుంది కూడా. కానీ స్పార్క్ పడాల్సిన చోటికి 6 మిల్లీమీటర్లు వెనక, హెడ్ (సిలిండర్ల పైమూత) లోపలి గుంటలో పడుతుంది. పెట్రోలు, గాలి మిశ్రమం అక్కడికి సరిగ్గా చేరదు, చేరినా మంట ఆలస్యంగా అంటుకుంటుంది. కొస వేడెక్కదు. దానికి తోడు 7 అంకె వల్ల అది పుట్టుకతోనే చల్లని ప్లగ్. అలాంటి ప్లగ్ నల్లగా తడిగా రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. రింగులు బాగున్న సిలిండర్‌లో పెట్టినా, రోజుకి మూడు కిలోమీటర్లు తిప్పితే ఇలాగే వస్తుంది.

ఆ ప్లగ్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పొట్టి ప్లగ్ ఉన్నన్నాళ్లూ హెడ్‌లో మిగిలిన ఆ 6 మిల్లీమీటర్ల మర ఖాళీగా మంటకి ఎదురుగా ఉంది. అందులో కార్బన్ గట్టిపడి ఉంటుంది. కొత్త 19 మిల్లీమీటర్ల ప్లగ్ చేత్తో తిప్పుతుంటే సగం దాటాక ఆగిపోతుంది. అక్కడ స్పానర్ పెట్టి బలంగా తిప్పితే మర చెడుతుంది, మర చెడితే హెడ్ విప్పాల్సిందే. 14 ఇంటూ 1.25 ట్యాప్‌కి గ్రీజు పూసి, చేత్తోనే నెమ్మదిగా దింపి, పావు చుట్టు ముందుకి, కొంచెం వెనక్కి తిప్పుతూ శుభ్రం చేయించండి. రాలిన కార్బన్ గ్రీజుకి అంటుకుని బయటికి వస్తుంది. ట్యాప్ దొరక్కపోతే పాత డబ్ల్యూ7డీసీ మర మీద హ్యాక్సా బ్లేడుతో నిలువుగా మూడు గాట్లు పెడితే అదే ట్యాప్ పని చేస్తుంది, గాట్లలోనూ గ్రీజు నింపాలి. తరవాత నాలుగు ప్లగ్‌లూ తీసి ఉండగానే, కాయిల్ (స్పార్క్‌కి కావలసిన వోల్టేజీ పుట్టించేది) కనెక్షన్ విడదీసి, రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొడితే మిగిలిన పొడి గాలితో బయటికి చిమ్ముతుంది. ఆ సమయంలో ప్లగ్ రంధ్రాల వైపు ముఖం పెట్టవద్దు.

ఇక వేడి ప్లగ్, చల్లని ప్లగ్ సంగతి. ప్లగ్ కొస కనీసం 450 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కితేనే దాని మీద పడిన మసి దానంతట అదే కాలిపోతుంది. 850 దాటితే కొస ఎర్రగా మండి, స్పార్క్ రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది, అది పిస్టన్‌ని తినేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉంచడమే ఆ అంకె పని. పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి బయటికి పోవడానికి ఎక్కువ దూరం పోవాలి, అది వేడి ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే చల్లనిది. ఎన్‌జీకేలో ఒక్క అంకె మారితే కొస వేడి 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. వేడి ప్లగ్ వేస్తే స్పార్క్ బలంగా వస్తుందని చాలామంది అనుకుంటారు. స్పార్క్ బలానికీ ఈ అంకెకీ సంబంధం లేదు.

మీ తిరుగుడు చూస్తే బీపీ5ఈఎస్ అడగాలనిపించవచ్చు. రైతు బజారుకీ ఇంటికీ మాత్రమే తిరిగే తక్కువ కంప్రెషన్ పాత ఇంజిన్‌కి ఒక అంకె వేడి ప్లగ్ నిజంగానే మేలు చేస్తుంది, మసి తక్కువ పడుతుంది. కానీ మీరు అరకు వెళ్తారు. అనంతగిరి ఘాట్‌లో నలుగురు మనుషులతో, సామానుతో, రెండో గేరులో ఎక్కుతున్నప్పుడు ఇంజిన్ మీద పడే బరువు వేరు, అక్కడ 6 అంకె భరోసా ఇస్తుంది. ప్లగ్ మార్చుకుంటూ తిరగడం ఎవరి వల్లా కాదు కాబట్టి 6 వేసి, మసి రాకుండా కార్బురేటర్ వైపు, పాయింట్ల (కాయిల్ కరెంటుని తెంచి స్పార్క్ పుట్టించే స్విచ్) వైపు సరిచేయడమే మంచి దారి. పాత వర్క్‌షాప్ పుస్తకాల్లో ఈ ఇంజిన్‌కి చాంపియన్ ఎన్5 అని కనిపిస్తుంది. అందులో వై లేదు, అంటే కొస ముందుకు పొడుచుకొచ్చినది కాదు. పొడుచుకొచ్చిన కొస తొందరగా వేడెక్కుతుంది, వేగం మీద లోపలికి వచ్చే చల్లటి మిశ్రమం తగిలి చల్లబడుతుంది కూడా. ఈ 1489 సీసీ బీఎంసీ బీ సిరీస్ ఇంజిన్‌లో దానికి చోటు సరిపోతుంది. అందుకే ఎన్5 కోసం వెతక్కండి, ఎన్9వైసీ జాతి దానికంటే మేలు.

గ్యాప్ దగ్గర ఎక్కువ మంది పొరబడతారు. బీపీ6ఈఎస్ డబ్బాలోంచి వచ్చేటప్పుడు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. పాయింట్లతో నడిచే మీ బండికి అది ఎక్కువ. పొద్దున్నే సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ కరెంటంతా స్టార్టర్ లాగేస్తుంది, కాయిల్‌కి చేరే వోల్టేజీ పడిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే వెడల్పు గ్యాప్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. పగటిపూట బాగానే నడిచే బండి పొద్దున మొరాయించడానికి ఇదొక పెద్ద కారణం. కాబట్టి కొత్త ప్లగ్‌లు నాలుగూ 0.63 మిల్లీమీటర్లకి తగ్గించి బిగించాలి. వంపు తిరిగిన బయటి ఎలక్ట్రోడ్‌నే కదపాలి. ప్లగ్‌ని నిలువుగా పట్టుకుని ఆ ఎలక్ట్రోడ్‌ని చెక్క మీద సుతారంగా తడితే గ్యాప్ తగ్గుతుంది. ఎక్కువ తగ్గితే గేజ్‌కి ఉండే కొక్కెంతో కొంచెం పైకి లాగాలి. నడిమి ఎలక్ట్రోడ్‌ని ఆనుకుని స్క్రూడ్రైవర్‌తో మెలిపెడితే పింగాణీ చిట్లుతుంది, ఆ చిట్లు కంటికి కనిపించదు.

ఫీలర్ గేజ్ లేని చోట మెకానిక్‌లు హ్యాక్సా బ్లేడు వాడటం మీరు చూసే ఉంటారు. అది మోటు పనేమీ కాదు. మామూలు చేతి హ్యాక్సా బ్లేడు మందం దాదాపు 25 థౌ, మీ ఇంజిన్‌కి కావలసిన కొలతే. కానీ పళ్లు ఉన్న అంచుతో కొలవకూడదు. పళ్లు అటూ ఇటూ వంచి ఉంటాయి కాబట్టి అక్కడ బ్లేడు మందం ఎక్కువ. పళ్లు లేని నున్నటి వెనక అంచుని గ్యాప్‌లో దూర్చి లాగాలి. పట్టీపట్టనట్టు రాసుకుంటూ రావాలి, జారిపోకూడదు, ఇరుక్కోకూడదు. బ్లేడు మీద రంగు ఉంటే గీకేయండి. ఇంకో మాట, వాడిన ప్లగ్‌లో నడిమి ఎలక్ట్రోడ్ అంచులు అరిగి గుండ్రంగా అయిపోతాయి. పదునైన అంచు నుంచి స్పార్క్ తేలిగ్గా దూకుతుంది, గుండ్రటి అంచు నుంచి దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాప్ సరిచేసినా పాత ప్లగ్ కొత్తదానిలా పనిచేయకపోవడానికి కారణమిదే. మీ 1, 3లో ఉన్న డబ్ల్యూ7డీసీలు నంబరు ప్రకారం సరైనవే కానీ అంచులు గుండ్రబడి ఉంటే వాటిని డిక్కీలో స్పేరుగా పెట్టుకోండి. నంబర్లు సమానమే అయినా కంపెనీలు కలిపి వాడితే ప్లగ్‌ల రంగుని బట్టి సిలిండర్లని పోల్చడం కుదరదు, నాలుగూ ఒకేసారి ఒకటే కొనండి.

మీ మిగతా మూడు ప్లగ్‌ల పొడి మసి ప్లగ్ తప్పు కాదు, పెట్రోలు ఎక్కువ పోతోందని చెప్పే గుర్తు. లేదా స్పార్క్ బలహీనం, లేదా బండి వేడెక్కేలోపే ఆపేస్తున్నారు. మీ విషయంలో మూడూ ఉండొచ్చు. ఒక సంగతి గమనించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లు చాలు. పాత కార్బురేటర్ ఈ తేడా తెలుసుకోలేదు, కాబట్టి ఈ పెట్రోలుతో పాత బండి మిశ్రమం పలచబడి ప్లగ్‌లు తెలుపు వైపు పోవాలి. అలాంటి పెట్రోలుతోనూ మీ ప్లగ్‌లు నల్లగా వస్తున్నాయంటే కార్బురేటర్‌లో ఏదో గట్టిగానే అటువైపు లాగుతోందన్నమాట.

ముందు చూడాల్సింది చోక్. ఎస్‌యూలో చోక్ లాగితే జెట్ (పెట్రోలు వచ్చే గొట్టం) కిందికి దిగుతుంది, లోపలికి తోస్తే పైకి వెళ్లి మిశ్రమం నట్‌కి ఆనాలి. పాత కేబుల్ తుప్పు పట్టి, ముఖ్యంగా మన సముద్రపు గాలికి, మధ్యలో ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద చోక్ గుండీ లోపలికి వెళ్లినట్టే కనిపిస్తుంది, కింద జెట్ మాత్రం వేలాడుతూ ఉంటుంది. బానెట్ ఎత్తి, ఒకరు చోక్ తోస్తుంటే మరొకరు కింద జెట్ వైపు చూడాలి. చేత్తో తోస్తే ఇంకా పైకి కదిలిందంటే దొంగ దొరికినట్టే. తరవాత ఎయిర్ ఫిల్టర్, ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు పొంగుతోందేమో చూడండి. ఇవన్నీ బాగుంటేనే మిశ్రమం నట్ ముట్టుకోవాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, కార్బురేటర్ పక్కనున్న పిన్నుతో దాని లోపలి పిస్టన్‌ని కొద్దిగా, మిల్లీమీటరు లోపే ఎత్తండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. కుంగిపోయి ఆగబోతే తక్కువ. క్షణం సేపు కొంచెం పెరిగి మామూలుకి వస్తే సరిగ్గా ఉంది. నట్ పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. ఆరు పలకల్లో ఒక్కో పలక చొప్పునే తిప్పి మళ్లీ చూడాలి. ఒకేసారి ఒక చుట్టు తిప్పేసి దారి తప్పిన బండ్లే ఎక్కువ.

స్పార్క్ వైపు: పాయింట్ గ్యాప్ 14 నుంచి 16 థౌ, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ప్లగ్‌ల కంటే ముందు ఇది సరిచేయాలి, ఎందుకంటే పాయింట్ మడమ (క్యామ్‌కి రాసుకునే ముక్క) అరిగి గ్యాప్ తగ్గితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా వెనక్కి పోతుంది. పాయింట్ ముఖాల మీద ఒకవైపు గుంట, ఒకవైపు పొక్కు ఉంటే కండెన్సర్ కూడా మార్చండి. కాయిల్‌కి ఉన్న రెండు తీగలు ఎప్పుడైనా తారుమారయ్యాయేమో చూడండి. నెగటివ్ ఎర్త్ బండిలో (బ్యాటరీ మైనస్ బాడీకి కలిపినది) కాయిల్ మైనస్ వైపు తీగ డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లాలి. తారుమారైనా బండి నడుస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ అప్పుడు స్పార్క్ వేడిగా ఉన్న నడిమి ఎలక్ట్రోడ్ నుంచి కాకుండా చల్లటి బయటి ఎలక్ట్రోడ్ నుంచి పుట్టాల్సి వస్తుంది, ఎక్కువ వోల్టేజీ కోరుతుంది. పాత ప్లగ్‌లో బయటి ఎలక్ట్రోడ్ లోపలి ముఖం గిన్నెలా అరిగి ఉంటే ఈ అనుమానం పెట్టుకోవచ్చు.

తేమ రోజున అసలు అందుకోకపోవడానికి పెదవాల్తేరు గాలికి సంబంధం ఉంది. సముద్రం మీంచి వచ్చే ఉప్పు ప్లగ్‌ల తెల్ల పింగాణీ మీద, వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద పలచటి పొరలా పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. రాత్రి తేమకి ఆ ఉప్పు తడిసి కరెంటుకి దారి అవుతుంది, స్పార్క్ గ్యాప్‌లో పడకుండా పింగాణీ వెంబడి బయటే ఎర్త్‌కి జారిపోతుంది. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడుపుతూ చూడండి, వైర్ల చుట్టూ నీలం మెరుపులు పాకుతుంటే ఇదే. పగలైతే పింగాణీ మీద పెన్సిల్ గీత లాంటి నల్లటి చార కనిపిస్తుంది. ఆ చార పడిన ప్లగ్, దాని మీద తొడిగే వైరు టోపీ తుడిస్తే బాగుపడవు, మార్చాలి. పింగాణీ మొదట్లో, లోహం పైన చుట్టూ ఉండే లేత గోధుమ రంగు మరక మాత్రం వేరు. అక్కడి విద్యుత్ క్షేత్రానికి గాల్లోని నూనె తుంపర అంటుకుని ఏర్పడేది అది, ప్లగ్ లీకు కాదు, దాన్ని చూసి ప్లగ్ పారేయకండి. నెలకోసారి పొడి గుడ్డతో నాలుగు పింగాణీలూ, వైర్లూ, క్యాప్ లోపలా బయటా తుడిస్తే మీ వీధిలో బయట నిలిపే బండికి అదే సగం వైద్యం. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చివర్లు కూడా విప్పి, తుప్పు గీకి బిగించండి.

ఆర్ అక్షరం విషయం. ఆర్ ఉంటే ప్లగ్ లోపల సుమారు 5 కిలో ఓంల రెసిస్టర్ ఉంటుంది, రేడియో గరగర తగ్గించడానికి. పాయింట్ల బండికి అది లేకపోయినా పనిచేస్తుంది, ఉన్నా నడుస్తుంది. మీ వైర్లు కార్బన్ రకమో, టోపీల్లో రెసిస్టర్ ఉన్నవో అయితే ఆర్ లేనివే వేయండి, రెండు మూడు చోట్ల అడ్డు పెట్టడం ఎందుకు. ఉత్త రాగి వైర్లైతే బీపీఆర్6ఈఎస్ వేసినా ఇబ్బంది లేదు, షాపుల్లో తేలిగ్గా దొరికేదీ అదే. రేపు ఎప్పుడైనా పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టిస్తే మాత్రం రెసిస్టర్ తప్పనిసరి, లేకపోతే ఆ మాడ్యూల్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది. అప్పుడు గ్యాప్ కూడా 0.8 దాకా పెంచుకోవచ్చు.

మీ తమ్ముడి ఇరీడియం మాటలో కొంత నిజముంది. ఆ ప్లగ్‌లలో నడిమి ఎలక్ట్రోడ్ సూదిలా సన్నగా, 0.6 మిల్లీమీటర్ల మందంతో ఉంటుంది, స్పార్క్ తక్కువ వోల్టేజీకే దూకుతుంది, ఎక్కువ కాలం అరగదు. కానీ నూనె, మసి పింగాణీ మీద పడితే అదీ మామూలు ప్లగ్ లాగే చచ్చిపోతుంది. దాన్ని బ్రష్‌తో రుద్దకూడదు, ఆ సన్నటి కొస విరుగుతుంది. మీ బండి ఏడాదికి తిరిగే దూరానికి దాని ఆయుష్షుకి వెల కట్టడం దండగ. ఆ డబ్బుతో కొత్త ప్లగ్ వైర్లు, రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తెప్పించమనండి. మీ బండిలో తేడా కనిపించేది అక్కడే.

కొనేటప్పుడు నకిలీ జాగ్రత్త. అసలు ప్లగ్‌లో వాషర్ ఊడిరాదు, మర మీదే బంధించి ఉంటుంది. నడిమి ఎలక్ట్రోడ్ సరిగ్గా మధ్యలో, బయటి ఎలక్ట్రోడ్ దాని మీదికి సూటిగా ఉంటుంది. మర నున్నగా ఉంటుంది, పింగాణీ మీద అక్షరాలు గోటికి లేవవు. ఎక్కడా లేనంత తక్కువ ధర చెబితే వదిలేయండి. గాజువాక ఆటోనగర్‌లో గానీ ఊళ్లో గానీ బిల్లు ఇచ్చే షాపులో, సీలు ఉన్న డబ్బాలో కొనండి. ప్లగ్ తలకాయ మీద మరతో ఎక్కే చిన్న నట్ ఉంటుంది, మీ వైర్ల టోపీలకి అది కావాలో అక్కర్లేదో చూసుకుని, కావాలంటే పక్కడుతో గట్టిగా బిగించండి. ఆ నట్ వదులుగా ఉండి వచ్చే మిస్సింగ్ రోజుల తరబడి దొరకదు.

బిగించే పని చల్లటి ఇంజిన్ మీదే. వైర్లకి 1, 2, 3, 4 అని టేపు అంటించండి, 1 రేడియేటర్ వైపుది. ఫైరింగ్ వరస 1-3-4-2. టోపీ పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని కాదు. ప్లగ్‌ల చుట్టూ దుమ్ము గాలితో ఊది, ప్లగ్ స్పానర్‌తో ఒక చుట్టు వదులు చేసి, మళ్లీ ఊది, అప్పుడు పూర్తిగా తీయండి. కొత్త ప్లగ్‌ని రబ్బరు గొట్టం ముక్కకి గుచ్చి చేత్తో తిప్పితే మర తప్పితే గొట్టమే జారిపోతుంది, హెడ్ పాడవదు. మరకి గ్రీజు, నూనె ఏమీ వద్దు, జారుడుకి తెలియకుండా ఎక్కువ బిగిసిపోతుంది. వాషర్ ఆనే దాకా చేత్తో, ఆ తరవాత స్పానర్‌తో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. టార్క్ రెంచి ఉంటే ఇనప హెడ్‌కి 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు. వాడిన ప్లగ్ తిరిగి వేస్తుంటే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, చుట్టులో పన్నెండో వంతు చాలు. వదులు ప్లగ్ కూడా ప్రమాదమే. కొస వేడి హెడ్‌లోకి దిగేది ముఖ్యంగా మర, వాషర్ గుండానే, అది సరిగ్గా ఆనకపోతే 6 నంబరు ప్లగ్ కూడా అతిగా వేడెక్కుతుంది.

మసి పట్టిన ప్లగ్‌లని గ్యాస్ పొయ్యి మీద కాల్చడం, వైరు బ్రష్‌తో రుద్దడం రెండూ మానేయండి. మంటకి పింగాణీ చిట్లుతుంది, బ్రష్ లోహపు గీతలు పింగాణీ మీద మిగిలి కరెంటుకి దారి చూపిస్తాయి. వర్క్‌షాపులో ఇసుక మెషీన్‌తో కొట్టిస్తే లోపలి సందులో ఇసుక రేణువు ఒక్కటి మిగలకుండా ఊదించాలి, అది సిలిండర్‌లో పడితే బోరు గీసుకుపోతుంది.

ఇవన్నీ అయ్యాక బండిని ఒకరోజు భీమిలి దాకా నడిపించి రండి. ఊళ్లో తిప్పిన ప్లగ్, ఐడిల్‌లో వదిలిన ప్లగ్ ఎప్పుడూ నల్లగానే చూపిస్తుంది, దాన్నిబట్టి ఏదీ తేల్చకూడదు. ఇరవై కిలోమీటర్లు సాఫీగా నడిపి, పక్కకి తీసి, ఐడిల్‌లో ఉంచకుండా ఆపి, చల్లబడ్డాక ప్లగ్‌లు తీసి వరసగా పెట్టండి. లేత గోధుమ, లేత బూడిద రంగు మంచిది. పాత పుస్తకాల్లోని ముదురు గోధుమ రంగు బొమ్మలు సీసం కలిసిన పెట్రోలు కాలానివి, ఇప్పుడు అంత రంగు రాదు. సున్నంలా తెల్లబడి చిన్న పొక్కులు కనిపిస్తే మిశ్రమం పలచన, లేదా టైమింగ్ ముందుకి పోయింది, అరకు వెళ్లేలోపు సరిచేయించాలి.

రెండో సిలిండర్‌లో సరైన ప్లగ్ వేశాక కూడా తడి వస్తే అప్పుడు ఆ తడి ఏమిటో చూడండి. పెట్రోలు వాసన వేసి వెంటనే ఆరిపోతే స్పార్క్ పడటం లేదు, ఆ వైరు సంగతి చూడాలి. వేలికి జిడ్డుగా అంటితే ఇంజిన్ ఆయిల్. ఆయిలే అయితే కంప్రెషన్ చూపించండి. ఇంజిన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్‌లూ తీసి, కాయిల్ విడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంచి, ఒక్కో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి ఐదారు దెబ్బలు సెల్ఫ్ కొట్టాలి. రెండోది మిగతావాటికంటే పది శాతం మించి తగ్గితే అందులో ఒక టీస్పూను ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వు. పక్కపక్క రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్. అంకెలన్నీ బాగుండి, సింహాచలం కొండ దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కినప్పుడు గుప్పున నీలం పొగ వస్తుంటే వాల్వ్ గైడ్లు. అది హెడ్ పని, ఇంజిన్ మొత్తం దించక్కర్లేదు. ఆ పని జరిగేదాకా ఆ ఒక్క సిలిండర్‌కి బీపీ5ఈఎస్ వేసుకుని ఊళ్లో తిరగవచ్చు, ఘాట్ ఎక్కే ముందు మాత్రం 6 వేయండి.

కంప్రెషన్ చూపిస్తే పొడి అంకెలు నాలుగూ, ఆయిల్ పోశాక వచ్చినదీ, భీమిలి నుంచి వచ్చాక తీసిన ప్లగ్‌ల ఫొటో సిలిండర్ వరసలో పెట్టి పంపండి. ఇంజిన్ విప్పాలో వద్దో అప్పుడు చెబుతాం.